పేజీకి రెండో వేషం

నా మరదలిని అందరూ నిద్రమొహం అంటారు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన వారానికే పెట్టాను. పోయిన తాళం చెవి కోసం నేను ఇల్లంతా తలకిందులు చేస్తుంటే, ఆవిడ పరుపుల కుప్ప మీద సగం కళ్ళు మూసుకుని కూర్చుని, "వదినా, అది నీ జడకే చిక్కుకుని ఉంది, వెతకడం ఆపు" అంది. అదేదో మొదట్లోనే చెప్పి ఏడవచ్చు కదా! ఇప్పుడు డిటెక్టివ్ అయింది, నలుగురూ పేరు చెప్పుకుంటున్నారు, కానీ పద్ధతి మారలేదు. ఆవిడ నిద్రపోయిందనుకుని ఎదుటివాళ్ళు నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతారు. ఆ నాలుగు మాటల మీదే ఆవిడ బతుకుతోంది.

నాది కళ్ళద్దాల కొట్టు. కారు కూడా నేనే నడపాలి, ఆవిడ చేతికిస్తే చక్రం మీదే కునుకు తీస్తుంది. అందుకని ఆ సోమవారం కొట్టు మూసి, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు ఆవిడ వెనకాలే వంతెన క్యాబిన్ మెట్లు ఎక్కాను.

నది మీద పడవలు వచ్చినప్పుడు తెరుచుకునే వంతెన అది. దాన్ని తెరిచి మూసే యంత్రం ఆ క్యాబిన్‌లో ఉంటుంది. మూడు వైపులా గాజు గోడలు. కింద నీళ్ళ మీద పడిన ఎండ పైకెగిరి గది కప్పు మీద మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. నది మీద పల్చటి మంచు ఇంకా విడలేదు. అవతలి గట్టు ఉందో లేదో తెలియడం లేదు. అక్కడ కాసేపు నిలబడితే మనం మెలకువగా ఉన్నామా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నాకైతే వచ్చింది.

ఐదు రోజుల కిందట, బుధవారం మధ్యాహ్నం మూడు నలభైకి, ఒక తెరచాప పడవ మూసి ఉన్న ఈ వంతెనను గుద్దింది. దాని తెరచాప కొయ్య విరిగి, పడవ నడిపే సరంగు తల మీద పడింది. అతను ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ సమయంలో వంతెన దగ్గర ఉన్నది పెద్దాయన. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. డ్యూటీలో నిద్రపోయాడన్నది ఆయన మీద నేరం. ఈ సాయంత్రం ఐదింటికి నివేదిక మీద సంతకం పడితే ఆయన జైలుకు వెళ్ళాలి. ఆయన మాత్రం ఐదు రోజులుగా ఒకటే మాట చెబుతున్నాడు, తను నిద్రపోలేదనీ, తను చూసిన పేజీలో ఆ పడవ లేదనీ.

పేజీ అంటే వంతెన ఆఫీసు వాళ్ళు రోజూ ఇంటర్నెట్‌లో పెట్టే పడవల పట్టిక. వంతెన నడిపేవాళ్ళూ దాన్నే చూస్తారు, సరంగులూ దాన్నే చూస్తారు. బుధవారం పట్టికలో ఏడో వరసలో ఆ పడవ ఉంది, మూడు నలభై అని ఉంది. లోకమంతా చూస్తోంది. ఒక్క పెద్దాయనకే లేదు.

మమ్మల్ని పిలిపించింది ఆయన కూతురు. ఆఫీసులో ఆ పట్టిక రాసేదీ ఆ అమ్మాయే. మా ఇంటికి వచ్చిన రోజు కూర్చోమన్నా కూర్చోలేదు. "మా నాన్న నిద్రపోలేదని మీరు రుజువు చెయ్యాలి. ఎంత దూరం వెళ్ళాల్సి వచ్చినా సరే, మధ్యలో ఆగకండి" అని రెండుసార్లు చెప్పి వెళ్ళిపోయింది.

క్యాబిన్‌లో ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఉన్న ఒక్క మంచి కుర్చీలో విచారణాధికారి కూర్చున్నాడు. మనిషి నిటారుగా ఉంటాడు, మాట నిటారుగా ఉంటుంది, రాసే ప్రతి పదం కింద గీత గీస్తాడు. మేము ఆయనకు రూళ్ళకర్ర అని పేరు పెట్టుకున్నాం. నా మరదలితో ఆయనకు పాత పేచీ. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

"రండి రండి. దిండు తెచ్చుకున్నారా?" అన్నాడు ఆవిడని చూసి.

"మీ ఉపన్యాసం ఉంటుందని తెలిస్తే తెచ్చుకునేదాన్ని" అంది నా మరదలు, ఆవలింత ఆపుకుంటూ. గోడకు ఆనుకుని నిలబడి పెద్దాయన వైపు తిరిగింది. "బుధవారం ఏం జరిగిందో మీ నోటితో చెప్పండి బాబాయ్."

"చెప్పడానికేముందమ్మా. రెండు యాభై ఐదుకి పేజీ చూశాను. మూడు ఇరవైకి మళ్ళీ చూశాను. మూడు పదికి వెళ్ళిన ఇసక పడవ తర్వాత ఇంక నాలుగున్నర దాకా ఏమీ లేదు. వంతెన మూసి ఉంచాను."

"ఆ పడవ కూత వెయ్యలేదా?"

"పట్టికలో ఉన్న పడవ కూత వెయ్యదమ్మా. వంతెన తెరిచి ఉంటుందని ధీమాగా వచ్చేస్తుంది. పట్టికలో లేనిదే దూరంగా ఆగి కూత వేస్తుంది, అప్పుడు తెరుస్తాం. మొదట్నుంచీ ఇదే పద్ధతి. ఆ రోజు మంచు కూడా. దగ్గరికొచ్చే దాకా నాకు అది కనపడలేదు, దానికి నేను కనపడలేదు."

ఆయన మాట్లాడుతున్నంత సేపూ నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆయన చూపు నా మరదలి మొహం మీద లేదు. ఆవిడ చెవికి చెబుతున్నట్టు పక్కకు చూస్తున్నాడు. నాలుగు రోజులకొకసారి మా కొట్టుకి అలాంటి చూపు ఒకటి వస్తూనే ఉంటుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు కానీ, అప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను.

"మీరు చూసిన పేజీ ఏ రంగులో ఉంది?" అంది నా మరదలు కళ్ళు మూసుకుని.

"నల్లటి దాని మీద పసుప్పచ్చ..." అని పెద్దాయన ఆగిపోయాడు.

రూళ్ళకర్ర చేతిలోని ప్రింటు కాగితం పైకెత్తాడు. "తెల్లటి పేజీ! నీలం అక్షరాలు! ఇదిగో, అందరూ చూసేది ఇదీ. నల్ల పేజీ, పసుపు అక్షరాలు, మాయమైన పడవ. అమ్మా, దీన్నే కల అంటారు. మనిషి నిద్రపోయాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"మూడు ఇరవైకి ఈ కంప్యూటర్ పేజీ తెచ్చుకున్నట్టు మీ దగ్గర సర్వర్ రాసుకున్న చిట్టా ఉంది కదా. నిద్రపోతుంటే ఎలా తెచ్చుకున్నాడు?"

"ఆ మాటే అడుగుతారని తెలుసు." ఆయన మొహం వెలిగింది. "ఈ పేజీ పాతిక నిమిషాలకొకసారి తనంతట తానే తాజా అవుతుంది. రెండు యాభై ఐదు, మూడు ఇరవై, మూడు నలభై ఐదు. మనిషి గురక పెడుతున్నా చిట్టాలో గీత పడుతుంది. నేను అన్నీ కొలిచే వచ్చాను."

నా మరదలు కంప్యూటర్ ముందున్న ఇంకో స్టూలు మీద కూర్చుంది. చెయ్యి కీబోర్డు మీద పెట్టి, తల ఒక పక్కకు వాల్చింది. ఒక నిమిషం గడిచింది. కప్పు మీద నీటి వెలుగు ఊగుతోంది. రూళ్ళకర్ర వాచీ చూసుకున్నాడు. ఈ మనిషి నిజంగానే నిద్రపోయిందేమో, పరువు పోతుందని నేను భుజం తట్టబోయాను. సరిగ్గా అప్పుడే ఆవిడ వేలు ఒక మీట నొక్కింది.

తెర పై అంచు నుంచి ఇంతసేపూ లేని పట్టీ ఒకటి కిందికి దిగింది. అందులో చిన్న చిన్న మాటలు వరసగా ఉన్నాయి.

"ఇది మీరెప్పుడైనా చూశారా?" అంది.

"ఏమిటది?"

"ఈ బ్రౌజర్ మెనూ. మామూలుగా దాక్కుని ఉంటుంది, ఆల్ట్ మీట నొక్కితే బయటికొస్తుంది. ఇందులో 'చూపు' దగ్గర 'పేజీ శైలి' అని ఒకటి ఉంది. తెరుస్తున్నాను, దగ్గరికి రండి."

మూడు పేర్లు వచ్చాయి. 'శైలి లేకుండా'. 'మామూలు'. 'పెద్ద అక్షరాలు'. మామూలు పక్కన చుక్క ఉంది.

"పేజీలో ఉండే మాటలు వేరు, అవి ఎలా కనపడాలో చెప్పే స్టైల్ షీట్ వేరు" అంది నా మరదలు, పిల్లలకు కథ చెప్పేంత నెమ్మదిగా. "ఒక పేజీకి ఒకటే స్టైల్ షీట్ ఉండాలని ఎక్కడా లేదు. ఒకటి రోజూ వేసుకునే వేషం. ఇంకోటి పెట్టెలో పెట్టుకున్న వేషం. కావాలన్నవాళ్ళు ఇక్కడికొచ్చి మార్చుకోవచ్చు. కొన్ని బ్రౌజర్లు ఈ మెనూ చూపిస్తాయి. మీ ఆఫీసులో వాడేది, మా ఇంట్లో వాడేది, ఫోన్లలో ఉండేవి, అవేవీ చూపించవు. రెండో వేషాన్ని కూడా తెచ్చి పక్కన పెట్టుకుంటాయి, కానీ అది ఉందని మాత్రం చచ్చినా చెప్పవు. మీరు జీవితాంతం ఆ పేజీ చూసినా మీకు తెలిసేది కాదు."

ఆవిడ 'పెద్ద అక్షరాలు' నొక్కింది.

తెల్లటి పేజీ ఒక్క క్షణంలో నల్లబడింది. చీకట్లో దీపాలు పెట్టినట్టు బొటనవేలంత పసుప్పచ్చ అక్షరాలు లేచాయి. ఎవరో చెప్పిన కల మన ఎదురుగా బల్ల మీదికి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పెద్దాయన కల కనలేదు. నల్ల పేజీ ఉంది.

రూళ్ళకర్ర ప్రింటు కాగితం కిందికి దించాడు. కానీ గట్టివాడు, వెంటనే తేరుకున్నాడు. "సరే, రంగు నిజమే. పడవ సంగతేమిటి? బుధవారం పేజీ తెరవండి. ఈ వేషంలోనే తెరవండి."

ఆవిడ పాత పేజీల్లోంచి బుధవారానిది తెరిచింది. పేజీ మళ్ళీ తెల్లగా వచ్చింది. మళ్ళీ మెనూలోకి వెళ్ళి వేషం మార్చింది. ఒక్కో వరసా లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏడో వరసలో, ఇంతింత అక్షరాలతో, తెరచాప పడవ, మూడు నలభై.

ఉంది. నల్ల పేజీలో కూడా ఉంది.

"కొండను తవ్వి ఎలుకను పట్టారు" అని రూళ్ళకర్ర పగలబడి నవ్వాడు. "మీ పుణ్యమా అని ఇంకో సంగతి తేలింది. పడవ పేరు ఇంత లావు అక్షరాల్లో ఉన్నా ఈయన చూడలేదు! ఇంకేం చెప్తారు?"

పెద్దాయన లేచి తెర దగ్గరికి వచ్చాడు. తల బాగా పక్కకు తిప్పి, కంటి కొసతో ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ చదివాడు.

"ఇది ఆ రోజు లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "లేదనే అనుకున్నాను. కలేనంటారా అయ్యా?" అని ఆ రూళ్ళకర్రనే అడిగాడు.

ఐదు రోజులు అందరూ కాదన్నా నిలబడ్డ మనిషి, తనే తనను నమ్మడం మానేస్తున్నాడు. ఇంక ఆగలేకపోయాను.

"బాబాయ్, మీ చూపు నడిమి భాగం పోయింది కదూ? ఎదురుగా ఉన్నది కనపడక పక్క నుంచి చూస్తున్నారు. దానికి ఏ అద్దాలూ పనికిరావు. ఎన్నేళ్ళయింది?"

పెద్దాయన మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆరేళ్ళమ్మా" అన్నాడు. "దూరం బాగానే తెలుస్తుంది. పడవ నీడ పడితే తెలుస్తుంది, నీళ్ళు మారితే తెలుస్తుంది. అక్షరాలే జారిపోతాయి. చెబితే వంతెన మీంచి దించేస్తారు. ఈ గదిలోంచి దిగి నేనెక్కడికి పోతాను?" కూతురి వైపు చెయ్యి చూపించాడు. "అది చూసింది. రాత్రింబవళ్ళు కూర్చుని నా కోసం ఈ పెద్ద అక్షరాలు తయారు చేసింది. ఎవరికీ చెప్పకూడదని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టించుకుని."

నా మరదలు అమ్మాయి వైపు తిరిగింది. "ఈ ఐదు రోజులూ అందుకే మాట్లాడలేదా?"

"నాన్న తల మీద ఒట్టు" అంది ఆ అమ్మాయి కిటికీలోంచి చూపు తిప్పకుండా. "నా నోటితో నేను చెప్పకూడదు."

"బాగుంది!" రూళ్ళకర్ర పెన్ను తీశాడు. "నిద్ర అన్న మాట కొట్టేసి, చూపు లేకపోవడం అని రాస్తాను. ఇంకా పెద్ద నేరం. మీకు ధన్యవాదాలు మేడమ్, కేసు గట్టిపడింది."

"తొందరపడి గీత గీయకండి" అంది నా మరదలు. ఆవిడ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. అలా తెరుచుకున్నాయంటే ఎవరికో మూడిందని అర్థం. "మీ ఫైల్లో సర్వర్ చిట్టా ఉందన్నారు. ఒకసారి ఇవ్వండి."

"నాలుగు కాగితాలు. నేను అడిగింది ఒకటి. ఈ అమ్మాయే ఏదేదో కలిపి నాలుగు ఇచ్చింది" అని విసుగ్గా ఇచ్చాడు.

నా మరదలు వాటిని బల్ల మీద పరిచింది. అప్పటికి మూడు యాభై అయింది. దాదాపు పావుగంట సేపు వేలితో ఒక్కో గీతా దిగింది. నేను పక్కన నిలబడి చూశాను. ఎవరు ఏ క్షణంలో ఏ ఫైలు తీసుకున్నారు, ఆ ఫైలు ఎంత పెద్దది, ఏ కంప్యూటర్. అన్నీ అంకెలు. నాకు నిజంగా నిద్ర వచ్చింది.

"ఇటు చూడండి" అంది చివరికి. "మూడు ఇరవై దాటిన నాలుగో సెకనుకి క్యాబిన్ కంప్యూటర్ పేజీ తెచ్చుకుంది. మీరన్నట్టు తనంతట తానే. దాంతోపాటు రెండు వేషాలూ తెచ్చుకుంది. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఈ గీత. మూడు ఇరవై దాటిన పన్నెండో సెకను. అక్షరాల ఆకారాలుండే ఫాంటు ఫైలు ఒకటి. ఈ లావు అక్షరాల ఫాంటు అది."

"అయితే?"

"రెండో వేషం పెట్టెలో ఉన్నంతసేపూ బ్రౌజర్ దాని ఫాంటు తెచ్చుకోదు. ఎవరైనా ఆ వేషం వేస్తేనే తెచ్చుకుంటుంది. ఇందాక నేను బుధవారం పేజీ తెరిచినప్పుడు ఏమైంది? మళ్ళీ తెల్లగా వచ్చింది. ఈ బ్రౌజర్‌కి మతిమరుపు. పేజీ తాజా అయిన ప్రతిసారీ మనం ఎంచుకున్నది మరిచిపోయి మామూలు వేషానికి వెళ్ళిపోతుంది. అంటే ఎనిమిది సెకన్లలో ఒక చెయ్యి ఆల్ట్ నొక్కి, మెనూ తెరిచి, పెద్ద అక్షరాలు ఎంచింది. రెండు యాభై ఐదుకీ అంతే, తొమ్మిది సెకన్లు. గురక పెట్టే మనిషి ఆ పని చేస్తాడా?"

రూళ్ళకర్ర కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తన పెన్నుతోనే రెండు గీతల మధ్యా కొలిచినట్టు చూశాడు. చాలాసేపు చూశాడు. "మెలకువగానే ఉన్నాడు" అన్నాడు ఆఖరికి. ఆ మాట అనడం ఆయనకు పన్ను పీకించుకున్నట్టు ఉండి ఉంటుంది, అయినా అన్నాడు. అందుకు ఆయన్ని నేను మెచ్చుకుంటాను.

పెద్దాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మెలకువగానే ఉన్నాను" అని తనకు తనే చెప్పుకున్నాడు.

"కానీ చూడలేదు" అన్నాడు రూళ్ళకర్ర. "పడవ ఆ పేజీలో ఉంది. ఇప్పుడే మన కళ్ళతో చూశాం."

"ఇప్పుడు ఉంది. ఆ రోజు లేదు." నా మరదలు రెండో కాగితం ముందుకు తోసింది. "పెద్ద అక్షరాల స్టైల్ షీట్‌ని పేజీ తెరిచిన ప్రతివాళ్ళూ తమకు తెలియకుండానే తెచ్చుకుంటున్నారు. పక్కనే దాని సైజు పడుతోంది. బుధవారం పొద్దుట్నుంచీ చూడండి. రెండు వేల నూట నలభై బైట్లు. ఎవరు తెచ్చుకున్నా అంతే. మధ్యాహ్నం రెండు తొమ్మిదికి?"

"రెండు వేల నూట యాభై ఏడు" అని ఆయన చదివాడు.

"అక్కడి నుంచి మూడు నలభై ఐదు దాకా సైజు చివర యాభై ఏడే. మూడు యాభై ఎనిమిదికి మళ్ళీ నలభై. ఈ రోజుకీ నలభయ్యే. తేడా పదిహేడు. పదిహేడు బైట్లంటే పదిహేడు అక్షరాలు. ఏడో వరస కనపడనివ్వకు అని ఆ వేషానికి చెప్పడానికి అన్ని చాలు. రెండు తొమ్మిదికి ఎవరో రాశారు, మూడు యాభై ఎనిమిదికి ఎవరో చెరిపేశారు. తెల్ల పేజీ చూసేవాళ్ళకి పడవ ఉంది. నల్ల పేజీ చూసేవాళ్ళకి లేదు. సరంగు ఫోన్లో తెల్ల పేజీ చూసుకున్నాడు, వంతెన తెరుస్తారని ధీమాగా వచ్చాడు. బాబాయ్ నల్ల పేజీ చూశాడు. ఇద్దరూ తప్పు చెయ్యలేదు. ఒకే పేజీని ఇద్దరూ నమ్మారు."

మంచు కొంచెం విడింది. అవతలి గట్టు మీద ఏదో గోడ లీలగా కనిపించి మళ్ళీ కలిసిపోయింది. రూళ్ళకర్ర ఇప్పుడు మా వైపు మనిషైపోయాడు. కుర్చీ అంచుకు జరిగాడు.

"నల్ల పేజీ ఒకటుందని ఎవరికి తెలుసు?" అన్నాడు.

నాకు ఆ క్షణానే తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది.

"కొత్త సైజులో ఆ స్టైల్ షీట్‌ని మొదటగా తెచ్చుకున్న కంప్యూటర్, ఆఫీసు గదిలో రెండో నంబరుది" అంది నా మరదలు. ఆవిడ గొంతులో గెలుపు లేదు. "వెంటనే లావు అక్షరాల ఫాంటు కూడా తెచ్చుకుంది. అంటే వేషం వేసి చూశారు, వరస మాయమైందో లేదో సరిచూసుకున్నారు. మూడు యాభై ఎనిమిదికి మళ్ళీ అదే కంప్యూటర్, మళ్ళీ అదే ఫాంటు. పట్టిక రాసేది ఆ కంప్యూటర్ మీదే." కిటికీ వైపు చూసింది. "నాలుగు కాగితాలు ఎందుకిచ్చావమ్మా? ఒకటి చాలన్నారు కదా."

ఆ అమ్మాయి ఇటు తిరిగింది. ఏడుపు లేదు. చాలా రోజుల తర్వాత కూర్చోవడానికి చోటు దొరికినట్టు గోడకు జారగిలబడి నేల మీద కూర్చుంది.

"నా నోటితో చెప్పకూడదు. వేరేవాళ్ళు కనిపెడితే నేను చెప్పినట్టు కాదు కదా అక్కా" అంది. "అందుకే మీ దగ్గరికి వచ్చాను."

"ఎందుకు చేశావ్?"

"పోయిన నెల పెద్ద అక్షరాలు కూడా తప్పు చదివాడు. ఒకటిని ఏడు అన్నాడు. దిగిపో నాన్నా అంటే వినడు. పైవాళ్ళకి చెప్దామంటే ఒట్టు. ఏదో ఒకరోజు ఎవరినో చంపేస్తాడని నాకు నిద్ర పట్టేది కాదు. చిన్న పొరపాటు ఒకటి బయటపడితే చాలనుకున్నాను. వంతెన మూసి ఉంటే పడవ ఆగుతుంది, కూత వేస్తుంది, సరంగు తిట్టుకుంటూ ఫిర్యాదు రాస్తాడు, కళ్ళ పరీక్షకి పంపిస్తారు, ఇంటికి పంపిస్తారు. అంతే అనుకున్నాను. నాకు ఎప్పుడూ నాన్న చూసే పేజీయే కళ్ళ ముందు ఉంటుంది. సరంగు కూడా పేజీ చూస్తాడని, చూసి ఆగకుండా వస్తాడని నాకు తట్టనే లేదు."

ఆరేళ్ళు ఒక్క మనిషి కోసమే ఒక పేజీ తయారు చేస్తే, లోకంలో చదివేది ఆ ఒక్కడేనని అనిపిస్తుంది కాబోలు. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. రావాలి, ఆసుపత్రిలో ఒక మనిషి ఉన్నాడు. అయినా రాలేదు.

ఐదింటికి పది నిమిషాలుంది. రూళ్ళకర్ర నివేదిక కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. నేరస్థుడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"నిద్రపోయానయ్యా" అన్నాడు.

"ఏమిటి?"

"నిద్రపోయాను. బుధవారం. భోజనం చేశాక కన్ను మూత పడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి. రాసుకోండి. నా పేరు రాసుకోండి."

"నాన్నా!"

"నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే" అన్నాడు పెద్దాయన, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి. "ఈ అంకెలూ బైట్లూ నాకు తెలియవయ్యా. ఏదో కంప్యూటర్ పొరపాటు అయ్యుంటుంది. మనిషి చెప్పేది రాసుకోవాలి గానీ. నిద్రపోయాను."

ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళతో మాత్రం నా మరదలిని చూస్తోంది. ఐదు రోజులుగా ఆ ఒక్క మాట కోసం ఆయన్ని వేధించిన రూళ్ళకర్ర, ఇప్పుడు అది చేతికందినా పెన్ను కదపలేకపోయాడు. మనిషే రాసుకోమంటున్నాడు, చట్టం ప్రకారం అది చాలు. ఆయన నా మరదలి వైపు చూశాడు. ఆ నాలుగు కాగితాలూ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. మడిచి సంచిలో పెట్టుకుంటే ఆ తండ్రి మాటే నిలబడుతుంది. పెట్టుకోవే, పెట్టేసుకో అని నేను మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

"ఒట్టు ఆ అమ్మాయికి, బాబాయ్" అంది నా మరదలు. "నాకు కాదు. మధ్యలో ఆగొద్దని చెప్పే నన్ను పిలిచింది."

నాలుగు కాగితాలూ రూళ్ళకర్ర ముందు పెట్టింది.

ఆ అమ్మాయి నోటి మీది చేతులు తీసేసి ఒక పెద్ద ఊపిరి వదిలింది. పెద్దాయన కూతురిని వెతుక్కుంటూ నాలుగడుగులు నడిచాడు. ఆమె కూర్చున్న చోటికి ఒక జానెడు పక్కగా వంగి, గాల్లో చెయ్యి చాచాడు. ఆమే జరిగి ఆ చేతి కిందికి తల పెట్టింది.